పాళీ అక్క ఎడమ చెయ్యి

ప్రెస్సులో అందరూ ఆమెను పాళీ అక్క అనేవారు. సర్టిఫికెట్ల మీద పేర్లు రాయడం ఆమె పని. పేరు చేత్తో రాస్తేనే కాగితానికి పరువని నమ్మే కాలేజీలు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. వాటి పుణ్యమా అని ఆమె ఇంట్లో పొయ్యి వెలుగుతోంది.

ఖరీదైన కలాలు ఆమెకు గిట్టవు. తోపుడుబండి మీద దొరికే చవక రకమే కొనేది. దాని పాళీ నొక్కితే రెండుగా విచ్చుకుని లావు గీత గీస్తుంది, వదిలితే మూసుకుని సన్న గీత గీస్తుంది. వినడానికి బాగానే ఉంటుంది గానీ, కొన్నది కొన్నట్టు రాస్తే ఏడుపే. నొక్కగానే సిరా అందదు. నిండు గీత పడాల్సిన చోట రైలుపట్టాల్లా రెండు గీరలు పడతాయి. అందుకని పాళీ అక్క ముందు దాన్ని ఊడబీకేది. పాళీ కింద నల్ల నాలుక లాంటి ముక్క ఒకటుంటుంది, సిరా దాని గాడిలోంచే వస్తుంది. ఆ గాడిని బ్లేడుతో కాస్త లోతు చేసేది. బల్ల మీది కరెంటు పొయ్యి మీద నీళ్లు తెర్లించి, పాళీనీ ఆ ముక్కనీ కలిపి ముంచి, ముక్క మెత్తబడగానే బొటనవేలితో అదిమిపట్టేది. వేలు చుర్రుమన్నా వదిలేది కాదు. రెండూ అంటుకుని కూర్చున్నాక చన్నీళ్లలో ముంచేది. ఆ పొయ్యి చూసి ప్రెస్సు ఓనరు, ఈ పూట ఏం కూరక్కా అని ఆటపట్టించేవాడు.

నొక్కడానికీ ఒక హద్దుందని ఆమె అనేది. ఆ హద్దు దాటి వంచితే పాళీ మళ్లీ మూసుకోదు, బతిమాలినా మూసుకోదు.

ఇంత తెలిసిన మనిషికి ఇంట్లో సంగతి మాత్రం తెలియలేదు. ఏం చెప్పమంటారు!

ఆమెకో తమ్ముడున్నాడు. నలభై ఏళ్లొచ్చినా ఆమెకు చిన్నోడే. తల్లి పోయాక తనే పెంచింది. వాడిది పుర్రచెయ్యి వాటం. పలక ఇస్తే ఎడమ చేత్తోనే బలపం పట్టేవాడు. అక్షరాలు చెరిగిపోయేవి, కాగితం చిరిగేది. మొక్కై వంగనిది మానై వంగుతుందా అనుకుంది మహాతల్లి. చెక్క స్కేలు నిలువుగా పట్టి ఆ ఎడమ వేళ్ల కణుపుల మీద కొట్టేది. ఒక్కోసారి ఆ చేతిని తువ్వాలుతో నడుముకి కట్టేసేది. కొట్టి కొట్టి కుడిచేత్తో రాయించింది. వాడి రాత కోడి గీరినట్టు తయారైంది, బడి మానేశాడు, పెద్దయ్యాక ప్రెస్సులకు కాగితం చేరవేసే వ్యాను నడుపుకున్నాడు. తిండీ, స్టీరింగూ, సంతకమూ అన్నీ కుడిచేత్తోనే. కోపం వస్తే మాత్రం ఎడమ చెయ్యే లేచేది.

ఆ చెయ్యి ముందు పెళ్లాం మీద లేచింది. ఆ పిల్ల ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. నవ్వినా తప్పే, నవ్వకపోయినా తప్పే. పాళీ అక్క ప్రతిసారీ మధ్యలోకి వెళ్లేది. వెళ్లేముందు కుడిచేతిని చంకలో దాచుకుని, ఒళ్లు తిప్పి ఎడమ భుజం ఇచ్చేది. ఆ కుడిచెయ్యి ఆగిపోతే ఆ ఇంట్లో పస్తులే. వాడి సంపాదన వాడి తాగుడికే చాలేది కాదు. ప్రెస్సులో ఎవరైనా ఆ కమిలిన భుజం వైపు చూస్తే, "ఎడమది వాడికి, కుడిది కలానికి" అనేసి నవ్వేది. అదేం నవ్వో!

ఆ రోజు పొద్దున వాడు జాకీ రాడ్డు ఎత్తాడు. మరదలి కనుబొమ్మ చిట్లి రక్తం గడ్డం దాకా కారింది. రెండో దెబ్బ గోడకు తగిలి పెచ్చులూడింది. ఇక చాలనుకుంది పాళీ అక్క. వాడు వ్యాను ఎక్కగానే మరదల్ని ప్రెస్సుకు తీసుకొచ్చి వెనక గదిలో కాగితం కట్టల చాటున కూర్చోబెట్టింది. సాయంత్రం బస్సెక్కించి ఆ పిల్లను పుట్టింటికి పంపేయాలని ఆమె ఆలోచన. ఈలోగా నర్సుల కాలేజీ సర్టిఫికెట్లు పూర్తిచేయాలి. కొత్త కలం విప్పి, నీళ్లు పొయ్యి మీద పెట్టింది.

నీళ్లు తెర్లేసరికి వాడొచ్చాడు. ఇల్లు ఖాళీగా చూసి వచ్చినట్టున్నాడు. ఆ పూట ప్రెస్సులో ఉన్నది ఓనరు ఒక్కడే. వాడి మొహం చూశాడో లేదో మరుగుదొడ్లో దూరి గొళ్లెం పెట్టుకున్నాడు. మగమహారాజు!

వాడు అక్క జుట్టు పట్టి కుర్చీలోంచి లేపాడు. బల్ల అంచుకు మొహం కొట్టాడు. పన్ను ఊడి సర్టిఫికెట్ల మీద పడింది. పెళ్లాం ఎక్కడుందో చెప్పమని అడిగాడు. ఆమె నోట్లోని రక్తం ఉమ్మి, పుట్టింటికి పోయిందిరా, నువ్వూ పో అంది. వాడు నమ్మలేదు. కాగితాలు కోసే మిషను దగ్గరికి ఈడ్చుకెళ్లాడు. కట్ట కదలకుండా అదిమిపట్టే ఇనప పలక ఒకటి ఉంటుంది దానికి, పైన చక్రం తిప్పితే కిందికి దిగుతుంది. వాడు ఆమె కుడిచేతిని చంకలోంచి పీకి ఆ పలక కింద పెట్టాడు.

"ఆఖరిసారి అడుగుతున్నానక్కా. ఎక్కడ?"

ఆమె వాడి చేతిని చూసింది. చక్రం మీద ఉన్నది ఎడమ చెయ్యి. కణుపుల మీద పాత మచ్చలు తెల్లగా ఉన్నాయి. అవి స్కేలు మచ్చలని ఆమెకు తెలియక ఎవరికి తెలుస్తుంది?

"చెప్పను," అంది.

వాడు తిప్పాడు. ముందు చర్మం తెల్లబడింది, తర్వాత గోళ్ల కింద నల్లబడింది. మళ్లీ తిప్పాడు. చూపుడువేలు ఎండుపుల్ల విరిగినట్టు విరిగింది. ఆమె పెదవి కొరుక్కుంది గానీ వెనక గది వైపు ఒక్కసారైనా చూడలేదు. చూస్తే వాడు పసిగడతాడని ఆ నొప్పిలోనూ ఆమెకు తెలుసు. మూడో తిప్పుకి బొటనవేలి మొదట్లో ఏదో నలిగింది. అప్పుడు మాత్రం అరిచింది.

ఆ అరుపుకి మరదలు తనే బయటికొచ్చింది. పొయ్యి మీది గిన్నెను చీర చెంగుతో పట్టుకుని, తెర్లే నీళ్లు వాడి మొహాన, మెడ మీద కుమ్మరించింది. వాడు గొంతు చిరిగేలా అరుస్తూ కిందపడి దొర్లాడు. మొహం తుడుచుకోబోతే చర్మం చేతికి వచ్చింది. ఆమె వాడిని దాటుకుంటూ వెళ్లి చక్రం వెనక్కి తిప్పి వదిన చెయ్యి విడిపించింది.

వాడిని ముందు ఆసుపత్రికి, అక్కణ్నించి జైలుకు తీసుకెళ్లారు. మరదలు పుట్టింటికి వెళ్లనంది. పాళీ అక్క వేళ్లు అతుక్కున్నాయి గానీ వంకరగా అతుక్కున్నాయి. బొటనవేలు ఏదీ పట్టదు. ఓనరు సిగ్గుతోనో జాలితోనో నెలాఖరు దాకా చూస్తాననీ, తర్వాత ఇంకొకరిని పెట్టుకోక తప్పదనీ చెప్పాడు.

మిగిలింది ఎడమ చెయ్యి. ఇంట్లో బల్ల ముందు కూర్చుంది. మరదలే కొత్త కలం ఊడబీకింది, గాడి గీసింది, వేడినీళ్లలో ముంచి బొటనవేలితో అదిమింది. పాళీ చక్కగా కూర్చుంది. రాయబోతే మాత్రం నరకమే. ఎడమ చేత్తో నెడుతుంటే పాళీ మొన కాగితంలో దిగబడి సిరా చిందుతోంది. రాసింది చెయ్యే చెరిపేస్తోంది. చిన్నోడి పలక మీద ఎలా ఉండేదో అచ్చం అలాగే ఉంది. ఆమె గుర్తుపట్టింది. గుర్తుపట్టి మరీ మొండికేసింది.

"ఆ స్కేలు తీసుకో. ఈ వేళ్ల మీద ఒక్కటెయ్యి. దెబ్బ పడందే ఈ చెయ్యి మాట వినదు."

మరదలు స్కేలు తీసుకోలేదు. కాసేపు ఆ కాగితాన్నీ, ఆ చేతినీ మార్చి మార్చి చూసింది.

"బట్ట తిరగాలంటే బట్టని తిప్పుతాం గానీ మిషన్ని తిప్పం కదా వదినా," అంది. కాగితం పట్టుకుని అడ్డంగా, దాదాపు పక్కకు పడుకోబెట్టింది. "ఇప్పుడు నీ వైపుకి లాగు."

పాళీ అక్క లాగింది. పాళీ విచ్చుకుంది, నిండు గీత నల్లగా దిగింది. వదిలితే మూసుకుంది. అక్షరం వంకరే, అయినా అది అక్షరం. చెయ్యి దానికి తగల్లేదు.

ఆమె కలం కింద పెట్టేసింది. వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఇంతేనటే? కాగితం తిప్పితే సరిపోయేదా? వాడి చెయ్యి కట్టేశానే నేను. వాణ్ని ఇట్లా చేసింది నేనేనే."

మరదలు కనుబొమ్మ మీది కుట్ల మచ్చ తడుముకుంది.

"నువ్వు కొట్టావ్, నిజమే. ఏడ్చుకో, కాదనను. కానీ దెబ్బలు తిన్నవాళ్లందరూ కొట్టరు వదినా. నేను తినలేదా? నేనెవరిని కొట్టాను? ఒక్కసారి నీళ్లు పోశాను, అదీ నీ చెయ్యి ఆ మిషను కింద ఉంది కాబట్టి. వాడి పాపంలో వాడి వాటా వాడికి ఉంచు. మొత్తం నువ్వే ఎత్తుకోకు."

పాళీ అక్క కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత స్కేలు తీసి మరదలి చేతికిచ్చింది. మరదలు దాన్ని తన కుట్టుమిషను సొరుగులో పడేసి, ఇంకో కాగితం తెచ్చి అడ్డంగా పరిచింది.