కార్డు వెనకవైపు

వేదవతికి తన వేగమంటే గర్వం. ఉండొద్దా మరి! చైతన్యపురిలోని ఆ ట్రస్టు గ్రంథాలయంలో ఆరు వేల కార్డులుంటే, నెలన్నరలో నాలుగు వేలు కంప్యూటర్లోకి ఎక్కించేసింది. పుస్తకం పేరు, రచయిత, విషయం, బీరువా నంబరు. ఎక్కించిన కార్డులు గోనెసంచుల్లోకి పోయేవి. దసరాలోపు వాటిని తుక్కు బండికి వేసేయమని కార్యదర్శి త్రినాథరావుగారి హుకుం. అటెండరుగా చేరి, పని నేర్చుకుని, ఇరవై ఆరేళ్లుగా ఆ కార్డులన్నీ తన చేత్తో రాసిన అంతయ్యే ఆ సంచుల మూతులు కట్టి మూలన పెట్టేవాడు.

సకల జనుల సమ్మె రోజులవి. బస్సుల్లేవు. గడ్డిఅన్నారం మార్కెట్‌కి కాయ తెచ్చి చిక్కుబడిపోయిన రైతు ఒకాయన లోపలికొచ్చాడు.

"బత్తాయి చెట్టు కొసలకెల్లి ఎండుకుంట ఒస్తున్నది. దానిమీద పుస్తకమేమన్న ఉన్నదామ్మా?"

వేదవతి 'బత్తాయి' అని కొట్టి చూసింది. "లేదండీ."

అంతయ్య దిగ్గున లేచాడు. సంచి బోర్లించి, వెతికి వెతికి ఒక కార్డు ఏరి, పుస్తకం తెచ్చి రైతు చేతిలో పెట్టాడు. అట్టమీద 'నిమ్మజాతి తోటల తెగుళ్లు' అని ఉంది. వేదవతి ఆ కార్డు తిప్పి చూసింది. వెనకవైపు, 'బత్తాయి చెట్టు ఎండుతున్నది' అని పెన్సిల్ రాత. ఇంకో కార్డు తిప్పింది. 'కిరాయి ఇంట్లకెల్లి ఎల్లగొడితే ఏం చెయ్యాలె?' ఇంకోటి. 'నీళ్లు పోసుకున్న పిల్లకు ఏం పెట్టాలె?'

"ఇవన్నీ ఏంటండీ?"

"అడిగినోల్ల మాటలు బిడ్డా. పుస్తకం పేరు తెల్సినోల్లకు ముందటి దిక్కు సాలు. తెల్వనోల్ల కోసం ఎనుక రాసిన."

వేదవతి ఇంకో గుప్పెడు కార్డులు తిప్పింది. ఎంతమంది! ఎన్ని ఊళ్లవాళ్ల గోడు ఆ గోనెసంచుల్లో ఉందో! ఈ మనిషి పక్కనే నెలన్నర కూర్చుని, ఒక్క కార్డయినా తిప్పి చూడనందుకు సిగ్గుతో చచ్చిపోయింది.

మర్నాడు పొద్దున తుక్కు బండి వచ్చింది. వేదవతి వెళ్లి సంచులమీద కూర్చుంది.

"ఏంటమ్మా ఈ చోద్యం?" అన్నారు త్రినాథరావుగారు.

"నేను చేసింది సగం పనే సార్. మళ్లీ మొదటినుంచి చేస్తాను. ఇవి ఇవ్వను."

ఆయన నాలుగు కార్డులు తిరగేసి చూశారు. "ఎవరు రాయమన్నారయ్యా అంతయ్యా, ఇవన్నీ?"

"ఎవ్వలు అన్లే సార్. కొత్తగ కార్డులు రాసేటప్పుడు ఒక తల్లి ఒచ్చింది. మునుగోడు దిక్కామె. చంకల పిల్ల. గా పిల్ల కాళ్లు వంకర. నీళ్లు తాగితే బొక్కలు ఎందుకు వంగుతున్నయో చెప్పే పుస్తకం కావాలన్నది. కార్డుల డబ్బాలన్ని దేవులాడి, లేదన్న. మూడు దినాలకు దొర్కింది. కార్డు ముందటి దిక్కు ఫ్లోరైడ్ అని రాసి నేనే పెట్టిన."

"ఆవిడకి ఇచ్చావా మరి?"

"మల్ల రాలే సార్. నేను లేదన్న గద."

త్రినాథరావుగారు చేతిలోని కార్డులు సంచిలో పెట్టేశారు. గేటు దాకా తానే వెళ్లి తుక్కు బండిని ఖాళీగా పంపేసి వచ్చారు.