ఇనుప ఓడలో దిక్సూచి

చెక్క ఓడల్లో, తెరచాపల నీడన పెరిగిన నౌకాధికారులు ఇనుప కవచం తొడిగిన తొలి యుద్ధనౌకలను ఎలా నడిపారన్నది నాకు చిరకాల సందేహం. అటువంటి ఒక కెప్టెన్ వస్తువులు కెనడా తూర్పు తీరాన హాలిఫాక్స్ రేవులోని మ్యూజియంలో ఉన్నాయని తెలిసి, 2023 మే నెలలో ఒక బుధవారం వేకువన మా ఊరు కిచెనర్‌ నుంచి బయలుదేరాను. మాంట్రియల్‌లో రైలు మారి గురువారం సాయంత్రానికి చేరాను. పడక టికెట్టు ధర చూసి కూర్చునే సీటుతోనే సరిపెట్టుకున్నాను. పులిహోర రెండు పూటలకు వచ్చింది. నడుము మాత్రం ఒప్పుకోలేదు.

శుక్రవారం ఉదయం తొమ్మిదింబావు బస్సులో, పక్క సీటు అమ్మాయి కళ్ళు మూసుకుని ఏదో వల్లిస్తున్నది. ఒడిలోని కాగితాలపై తెలుగు అక్షరాలు కనిపించాయి.

"ఏ స్తోత్రమమ్మా?" అన్నాను.

"స్తోత్రం కాదంకుల్, కెప్టెన్ బయోగ్రఫీ!" అని నవ్వింది. చూస్తే, ఇంగ్లీషు వాక్యాలన్నీ తెలుగు లిపిలో రాసుకున్నది. పేరు శ్రావణి, ఊరు కరీంనగర్, ఇక్కడ కాలేజీ విద్యార్థిని. నేను వెళ్తున్న మ్యూజియంలోనే గైడు ఉద్యోగానికి ఆమెకు ఆ రోజు పరీక్ష.

"ట్రయల్ టూర్ అంకుల్. సూపర్‌వైజర్ ఎనకనే నిలబడతడు. ఓకే అంటే సమ్మర్ మొత్తం షిఫ్టులు, లేకుంటే మళ్ళీ వేర్‌హౌసే. ఎనిమిది పేజీలు బట్టీ కొట్టిన."

పది గంటలకు ఏడుగురం సందర్శకులం పోగయ్యాం. కెప్టెన్ చిన్నతనంలోనే నౌకాదళంలో చేరడం, తుఫానులో తెరచాప కొయ్య ఎక్కడం, లెఫ్టినెంటు కావడం, అన్నీ ధారగా చెప్పింది. కవచనౌకకు అధిపతి కావడం దగ్గరకు రాగానే ఒక పెద్దావిడ అడ్డుపడింది: చుట్టూ అంత ఇనుముంటే దిక్సూచి ఎలా పనిచేసింది?

శ్రావణి తెగిన వాక్యం అందుకోలేక మళ్ళీ కెప్టెన్ పుట్టుక నుంచి మొదలుపెట్టింది. ఎవరో కిసుక్కుమన్నారు. సూపర్‌వైజర్ గడియారం చూసుకున్నాడు.

ఆమె రెండడుగులు వేసి, పిల్లలు ముట్టుకుని చూసే బల్లపై ఉన్న దిక్సూచి పక్కకు ఇనుప గుండును జరిపింది. ముల్లు పక్కకు తిరిగింది. "చూశారా, అబద్ధం చెబుతోంది," అన్నది తడబడే ఇంగ్లీషులో. కెప్టెన్ రేవులోనే నౌకను కొద్దికొద్దిగా గుండ్రంగా తిప్పించి, ఒక్కొక్క దిక్కున ముల్లు ఎంత తప్పుతుందో పట్టికగా రాయించాడట. సముద్రంలో ఆ తప్పును సవరించుకుంటూ దారి చూసుకునేవాడట. వివరించేందుకు తానే బల్ల చుట్టూ నౌకలా తిరిగింది. పెద్దావిడ ఇంకో ప్రశ్న వేసింది, తరువాత మరొకాయన.

టూరు ముగిశాక సూపర్‌వైజర్ ఆమెతో రెండు ముక్కలే మాట్లాడాడు. శ్రావణి నా దగ్గరకు పరుగున వచ్చింది.

"రేపు రమ్మన్నడు అంకుల్! కాగితాలు మాత్రం తేవద్దన్నడు. ఎనిమిది పేజీల బట్టీ దండుగైపాయె!"

ఆదివారం తిరుగు రైలెక్కాను. సీటు అదే బాపతు, నడుము నొప్పీ అదే. అయినా ఈ ప్రయాణం మళ్ళీ చేయమన్నా చేస్తాను. వెళ్ళదలచినవారు పది గంటల టూరు ఎంచుకోండి. ఆ అమ్మాయి కనిపిస్తే, సందేహాలను చివరిదాకా దాచుకోకండి. మాట మధ్యలోనే అడగండి.