తప్పంతా నల్ల అద్దానిదే

ఆ హెల్మెట్ ఇంటికొచ్చిన రోజే దానికీ నాకూ పడలేదు. మా ఆయన దాన్ని నెత్తి మీద పెట్టుకుని, ముందున్న నల్ల అద్దం గడ్డం దాకా దించుకుని గుమ్మంలో నిలబడితే లోపలున్నది మొగుడో దొంగో తెలియలేదు. "ఎవరు బాబూ, ఏటి కావాలి?" అన్నాను. లోపల నుంచి నవ్వు వినపడింది కానీ మొహం కనపడలేదు.

మా ఆయన నాకు మేనమామ కొడుకు. పెళ్ళయి పదేళ్ళు దాటినా "బావా" అనే పిలుపు మారలేదు. ఎనభైల మొదటి రోజులవి. ఉత్తరాన హిందీ మాట్లాడే ఒక ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్ళో, బాగ్‌బేరా అనే పేటలో, రైల్వే యార్డుకి దగ్గరలో, రెండు గదుల ఇల్లు మాది. మా లైన్లో సగం మంది శ్రీకాకుళం వైపు నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళే. బావ నది అవతల ఒక ప్రైవేటు షెడ్డులో క్రేన్ ఆపరేటరు. ఆ క్రేను షెడ్డు కప్పు కింద పట్టాల మీద ఈ కొస నుంచి ఆ కొసకి నడుస్తుంది. దాని కేబిన్లో కూర్చుని, పెద్ద పెద్ద ఇనప దిమ్మల్ని ఎత్తి, కింద పనిచేసేవాళ్ళ పక్కనుంచీ పైనుంచీ తీసుకెళ్ళి దించాలి. కింద నిలబడి దిమ్మకి గొలుసులు తగిలించి, ఎత్తమనీ ఆపమనీ చేత్తో సైగ చేసేవాణ్ణి ఖలాసీ అంటారు. బావకి ఖలాసీగా ఉన్నవాడు మా పక్కింటివాడే. మా ఊరి వైపువాడని బావే పనిలో పెట్టించాడు. పెళ్ళాం, ఇద్దరు పిల్లలు. బావని అన్నా అనీ, నన్ను వదినా అనీ నోరారా పిలిచేవాడు.

ఆ అద్దాన్ని మరీ ఆడిపోసుకోకూడదు. ఎండాకాలం మధ్యాహ్నం ఊరికి ఆ చివర సోనారి వైపు తారు రోడ్డున స్కూటరు మీద పోతుంటే, వెనక కూర్చున్న నేను కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుని కూడా కళ్ళు చికిలించేదాన్ని. బావ మాత్రం హాయిగా, నీడలో కూర్చున్నంత చల్లగా నడిపేవాడు. నా గొడవల్లా పొద్దు వాలాక. వాన పడినా, మబ్బు పట్టినా, సందె దీపాలు పెట్టినా అతను ఆ అద్దం ఎత్తడు. స్టేషను నుంచి బజారుకి పోయే దారిలో రైలు వంతెన కింద నుంచి పోవాలి. మిట్ట మధ్యాహ్నం కూడా అక్కడ చీకటే. వెలుగులోంచి అందులోకి దూరేటప్పుడు బండి ఒక్కసారి నెమ్మదించేది, బావ భుజాలు బిగుసుకునేవి. "అద్దం ఎత్తు బావా" అంటే వినపడనట్టు ఊరుకునేవాడు. హీరోగిరీ అనుకున్నాను. నలభైకి దగ్గర పడుతూ ఇదేం సోకు అని నవ్వుకున్నాను కూడా.

కార్తీకమాసంలో ఒక ఆదివారం సోనారిలో మా పెద్దమ్మ కూతురింటికి వెళ్ళి వస్తున్నాం. భోజనాలు ఆలస్యమై, కబుర్లు ఎక్కువై, కద్మా దాటేసరికి సందె పడింది. ముందు ఒకతను సైకిలుకి రెండు మరమరాల బస్తాలు వేలాడేసుకుని నడిపించుకుంటూ పోతున్నాడు. నాకు స్పష్టంగా కనపడుతున్నాడు. బావకీ కనపడుతున్నాడనుకున్నాను. బావ తిన్నగా వెళ్ళి సైకిలుకి గుద్దేశాడు.

బస్తా చిరిగి రోడ్డంతా మరమరాలు. అతని మోచెయ్యి దోక్కుపోయింది, అంతకు మించి దెబ్బ తగల్లేదు. నిమిషంలో పదిమంది చేరారు. "అంధా హై క్యా?" అని ఒకతను మీదికొచ్చాడు. గుడ్డివాడివా అని. బావ వేలితో హెల్మెట్ అద్దం మీద టకటకమని కొట్టి, "షీషా కాలా హై భాయ్, దిఖా నహీ" అన్నాడు. అద్దం నల్లది, కనపడలేదు అని. అంతే, జనం కోపమంతా అద్దం మీదికి పోయింది. ఒక పెద్దాయన ఇలాంటివి అమ్మేవాళ్ళనే జైల్లో పెట్టాలన్నాడు. మరమరాల నష్టం ఇచ్చి, నేనూ వంగి కొంగులోకి నాలుగు దోసిళ్ళు ఎత్తి అతని బస్తాలో పోసి, దారంతా ఆ అద్దాన్ని తిట్టుకుంటూ ఇల్లు చేరాను.

మర్నాడు బావ డ్యూటీకి హెల్మెట్ వదిలేసి వెళ్ళాడు. ఇదే అదను అనుకుని దాన్ని సంచిలో వేసుకుని, అతను కొన్న దుకాణానికే పోయాను. అద్దం హెల్మెట్‌కి మూడు టిచ్ బటన్లతో తగిలి ఉంటుంది. జాకెట్టుకి పెట్టుకునేలాంటివే, కాస్త పెద్దవి. తెల్ల అద్దం కావాలన్నాను. దుకాణదారు హెల్మెట్ గుర్తుపట్టి నవ్వాడు. "సాయంత్రం కష్టమవుతుంది, తెల్లది తీసుకోమని నేను చెప్పాను బహెన్‌జీ. ఉన్నవాటిలో అన్నిటికంటే నల్లది ఇమ్మని ఏరి మరీ తీసుకెళ్ళాడు" అని హిందీలో చెప్పాడు. సోకులాడికి పెళ్ళామైనందుకు సిగ్గుపడి నేనూ నవ్వాను. ఆ మాట అక్కడే పట్టుకోవలసింది. పట్టుకోలేదు.

తెల్ల అద్దం చూసి సంబరపడతాడనుకున్నాను. మొహం పాలిపోయింది. "నిన్నెవులు మార్చమన్నారు?" అన్నాడు. ఆ వారమంతా సాయంత్రం ఎక్కడికి పోదామన్నా తలనొప్పి, ఒళ్ళు నొప్పులు. చివరికి కద్మాలో ఒక పేరంటానికి నన్ను తీసుకెళ్ళక తప్పలేదు. తిరిగొచ్చేసరికి మళ్ళీ అదే వేళ.

ఆ ఊళ్ళో ఉక్కు కొలిమిలో మిగిలిన చిట్టెం, నిప్పులా కరిగిన మడ్డి, పారబోసినప్పుడు ఆకాశం ఒక పక్కంతా ఎర్రగా వెలుగుతుంది. అప్పుడూ అదే జరిగింది. ఆ వెలుగున్నంతసేపూ బండి తిన్నగానే పోయింది. వెలుగు తగ్గిపోగానే బండి పక్కకి ఒరిగి, మట్టిలోకి దిగి ఆగింది. బావ రెండు కాళ్ళూ నేల మీద ఆనించి, అద్దం పైకెత్తి, మెడ అటూ ఇటూ తిప్పాడు.

"ముందర ఎవులైనా ఉన్నారేటే?" అని మెల్లగా అడిగాడు.

ముందర నాలుగు బారల దూరంలో రిక్షా ఆగి ఉంది. దాని మీద ఇద్దరు ఆడవాళ్ళు, రిక్షావాడు, ఒక మేకపిల్ల. పొద్దు పూర్తిగా పోలేదు. చీర మీది పువ్వులు కూడా నాకు తెలుస్తున్నాయి.

"నీకు కనబడతం నేదా?"

"నేదు."

"అద్దం తెల్లదే కదా. ఎత్తీసినావు కూడాను."

"అద్దానిదేటి నేదే," అన్నాడు బావ. "సందె పడితే నాకు కనబడదు. రెండేళ్ళవుతాది."

జాలి కలగాలి కదా, నాకు కోపం వచ్చింది. ఒళ్ళంతా మండింది. నా బావకి కళ్ళు పోతున్నాయన్నది ఆ క్షణంలో బుర్రలోకి దూరనే లేదు. రెండేళ్ళు నన్ను వెనక కూర్చోబెట్టుకుని ఈ ఆట ఆడాడన్నదే దూరింది. తర్వాత మా మావ గుర్తొచ్చాడు, బావ తండ్రి. సందె పడితే మావ గుమ్మం దాటడని, ఎంత బుద్ధిమంతుడోనని ఊరంతా చెప్పుకునేది. ఆ బుద్ధి ఏమిటో నాకు కద్మా రోడ్డు మీద తెలిసింది.

తర్వాత ఇంకొకటి గుర్తొచ్చింది. "మరి క్రేనో?"

"షెడ్డులో లైట్లుంటాయి."

"అన్నీ ఎలుగుతాయా?"

అప్పుడు బావ అసలు సంగతి చెప్పాడు. ఎదురుగా ఉన్నది బాగానే కనపడుతుందట, పక్కనున్నదే కనపడదట. ఏడాదికోసారి చేసే కళ్ళ పరీక్షలో గోడ మీది అక్షరాలు అట్టడుగు వరస దాకా గడగడా చదివేస్తాడట. చీకట్లో చదవమని ఎవరడుగుతారు? ఎప్పుడైనా ఏదైనా తగిలినా, తడబడినా చెప్పుకోవడానికి నల్ల అద్దం ఉంది. కళ్ళకి వెలుగు పడదని షెడ్డులో కూడా నల్ల కళ్ళద్దాలు పెట్టుకోవడం మొదలెట్టాడట. అందరికీ అది అలవాటైపోయింది.

ఆ రోజు నేను ఎడమ భుజం తడితే ఎడమకి, కుడి భుజం తడితే కుడికి, మనిషి నడిచినంత మెల్లగా ఇల్లు చేరాం.

మర్నాడు నేను చేసిన పని చెప్పాలి. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. దాచిన నల్ల అద్దం తీసి, తెల్లది ఊడదీసి, టక్ టక్ టక్ మని మూడు బటన్లు నా చేత్తోనే నొక్కాను. బావ అడగలేదు. నేనే నొక్కాను. పని పోతే ఊళ్ళో మాకు గుంటెడు భూమి లేదు. క్రేను తప్ప అతనికి ఇంకో పని రాదు. మునగాకు వండాను, మేక కార్జం వండాను, ఎవరేం చెబితే అది తినిపించాను. కార్తీకం నుంచి శివరాత్రి ముందు దాకా నోరు మూసుకుని ఉన్నాను.

పక్కింటి పిల్ల రోజూ వచ్చేది. ఖలాసీ పెళ్ళాం. కరివేపాకుకో, కబుర్లకో. చంటిదాన్ని నా ఒళ్ళో పడేసి తన జడ వేసుకునేది. ఆ చంటిదాని తండ్రి ఇనుము కింద నిలబడి ఉంటాడు, పైనున్నవాడికి పక్క చూపు లేదు, ఆ సంగతి నాకు తెలుసు. చంటిది నా గాజులతో ఆడుకునేది. అయినా చెప్పలేదు. భయస్తురాలిని అనుకున్నా, స్వార్థం అనుకున్నా, రెండూ నిజమే.

శివరాత్రికి ముందు ఒక పొద్దున్న మంచు బాగా పట్టింది. వీధి కుళాయి దగ్గర పక్కింటివాడు బకెట్టు పట్టుకుని నిలబడ్డాడు. భుజానికి కట్టు ఉంది. ఏమైందని అడిగితే, దిమ్మ కొంచెం ఊగి రాసుకుందన్నాడు. ఇక ఆపుకోలేకపోయాను.

"మీ అన్నకి కళ్ళు అవుపడవు," అన్నాను. "పక్కనున్నోళ్ళు అసలే అవుపడరు. నీ సైగలు సూడ్డు. నాను నాలుగు నెల్లబట్టీ దాసినాను."

అతను కుళాయి కట్టేశాడు. "తెలుసు వదినా," అన్నాడు.

చొక్కాలో నుంచి నల్లతాడుకి కట్టిన ఈల బయటికి తీశాడు. "పోయిన వానాకాలంలోనే తెలిసింది. సెయ్యూపితే అన్న ఇంకెటో సూత్తన్నాడు. మరేటి సేత్తాను? ఇది కొన్నాను. ఒకటేస్తే ఆపు, రెండేస్తే పోనీ. అన్న బేగి అందుకున్నాడు. నేను సరదాకి ఊదతన్నాననుకున్నాడు."

"తెలిసి దాని కిందే నిలబడతన్నావేటిరా? నీకు పెళ్ళాం పిల్లలు నేరా?"

"అన్న దిగిపోతే ఎలాగ వదినా? నన్ను పనిలో పెట్టింది అన్నే కదా."

"ఈల ఇనబడకపోతేనో?"

అతను భుజం మీది కట్టు తడుముకున్నాడు. "మొన్న గ్రైండరు ఆడతంది. ఇనబడనేదు," అన్నాడు.

ఆ మధ్యాహ్నం బావ డ్యూటీ దిగి రాగానే పక్కింటివాణ్ణి పిలిచి ఎదురుగా నిలబెట్టి అంతా చెప్పాను. బావ వాడినే చూశాడు. ఎదురుగా ఉన్నాడు కాబట్టి బాగానే కనపడి ఉంటాడు.

"తెలిసే నిలబడినావా?" అన్నాడు.

"అవునన్నా."

బావ లేచి హెల్మెట్ తీసుకుని, మూడు బటన్లూ లాగి నల్ల అద్దం ఊడదీసి మంచం కింద పడేశాడు. మర్నాడు పొద్దున్నే పక్కింటివాడు బండి నడుపుతుంటే వెనక కూర్చుని వెళ్ళి, ఫోర్మన్‌తో తన నోటితోనే చెప్పి క్రేను దిగిపోయాడు. దయ తలిచి పనిముట్లు ఇచ్చి పుచ్చుకునే గదిలో కూర్చోబెట్టారు. కళ్ళ డాక్టరు మాత్రం బావ అమ్మానాన్నలది మేనరికమా అని అడిగి, ఇది వంశంలో వచ్చేదనీ తిరిగొచ్చే చూపు కాదనీ చెప్పాడు.

ఎవరికీ ఏమీ కాలేదు, నిజమే. అది మా మంచితనం వల్ల కాదు. గ్రైండరు మోత ఇంకొక్కసారి లేచి ఉంటే ఆ చంటిదాని మొహం నేను ఎలా చూసేదాన్నో నాకు తెలియదు. ఇప్పటికీ తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

రెండేళ్ళ తర్వాత పక్కింటివాడికి ఒడిశా వైపు పని దొరికింది. వెళ్ళేరోజు ఈల తీసి నా చేతిలో పెట్టాడు. ఆడది వీధిలో ఈల వెయ్యడమేమిటని పోపుల పెట్టెలో పడేశాను. ఆ వారంలోనే ఒక సాయంత్రం బావ డ్యూటీ నుంచి ఆలస్యంగా వచ్చాడు. వీధి మొదట్లో ఆటో దిగి, మురుగు కాలవకి ఇవతల ఆగిపోయాడు. ఎవరినీ అడగడు, చెయ్యి చాపడు. అలాగే నిలబడ్డాడు. వీధిలో ఆడవాళ్ళంతా గుమ్మాల్లో ఉన్నారు. నేను లోపలికి వెళ్ళి ఈల తెచ్చాను. బావ తడుముకుంటూ కాలు కాలవ వైపే వేయబోతున్నాడు. ఒకటి ఊదాను. ఆ కాలు అక్కడే ఆగింది. పరుగున వెళ్ళి, కాలవ దాటడానికి రాతి పలక వేసి ఉన్నచోట నిలబడ్డాను. బావ మొహం నా వైపు తిప్పాడు.

రెండు ఊదాను.