చదవని రెండో పేజీ

మా పక్కింటి ఆంటీ పోయి నెల కావస్తోంది. ఆ మంగళవారం పొద్దున దేవుడి దగ్గర దీపం పెట్టి లేస్తుంటే ఆవిడ కూతురు ఫోను చేసింది. "అమ్మ నిద్రలోనే వెళ్ళిపోయింది. ముందు మీకే చెప్పాలనిపించింది," అంది. ముందు నాకే. ఆ మాట ఇంకా గుచ్చుకుంటోంది.

ఆంటీ అంటున్నాను గానీ ఆవిడ తెలుగావిడ కాదు. న్యూజీలాండ్‌లో ఈ లోవర్ హట్‌లోనే పుట్టి, ఇక్కడే బడిలో పాఠాలు చెప్పి రిటైరైన కివీ. మేం ఈ ఇంట్లో దిగిన కొత్తలో, "నన్ను పేరు పెట్టి పిలువు," అన్నారు. "మీ వయసువాళ్ళని పేరు పెట్టి పిలిస్తే మా అమ్మ పైనుంచి దిగొస్తుంది," అన్నాను. "అయితే వద్దులే. మీ అమ్మకి కాఫీ పెట్టే ఓపిక నాకు లేదు," అన్నారు.

ఆవిడ భోజనాల బల్ల మీద భోజనం పెట్టగా నేను చూడలేదు. వాల్‌పేపర్ చుట్ట ఒకటి వెనక్కి తిప్పి పరిచి ఉండేది. దాని మీద వాళ్ళ వంశవృక్షం. రుజువైన పేర్లు పెన్నుతో, మిగతావి పెన్సిల్‌తో. "కాగితం దొరికేదాకా పెన్సిలే," అనేవారు. ఒక కొమ్మ మాత్రం అలాగే ఖాళీగా ఉండేది. అది ఆవిడ ముత్తాతది. అమెరికాలో ఒహాయో పల్లెల్లో రైతుబిడ్డ. బంగారం కోసం పడవెక్కి ఈ దేశంలోని ఒటాగోకి వచ్చాడు. బంగారం దొరకలేదు, పెళ్ళి దొరికింది. వెనకటి సంగతులు ఎవరితోనూ మాట్లాడలేదట. "ఒంటిగా ఎవరూ పుట్టరు. ఆయన వెనక ఎవరో ఉండే ఉంటారు," అనేవారు ఆంటీ.

ఆవిడకి తోబుట్టువులు లేరు. వాళ్ళ నాన్నకీ లేరు. మా ఇంట్లో ఫోను మోగితే గోడ అవతలనుంచి అడిగేవారు, "ఈసారి తమ్ముడా, చెల్లెలా?" అని. ఒకసారి మా వరసలన్నీ చెప్పించుకున్నారు. వాళ్ళకి అందరూ కజిన్లే. మాకు అలా కుదరదు కదా. "మరి నాకు అమెరికాలో ఎవరైనా దొరికితే ఏమవుతారు?" అన్నారు. మీ ఈడువాళ్ళయితే అక్కో చెల్లెలో అన్నాను. "చెల్లెలే కావాలి. ఈ వయసులో నామీద ఇంకొకరి పెత్తనం పడలేను."

మాతోనే ఉండే చిన్న తమ్ముడి కంప్యూటర్‌లో ఫోను లైను మీద ఇంటర్నెట్ పెడితే ఇంట్లో ఫోను పలికేది కాదు. అదీగాక ఆంటీకి ఉత్తరాల మీదే నమ్మకం. ఒహాయోలో కోర్టులకీ లైబ్రరీలకీ రాసేవారు. చూపు మందగించాక ఆవిడ చెబుతుంటే నేను రాసేదాన్ని, జవాబులు నేనే చదివి వినిపించేదాన్ని. గురువారం సాయంత్రాలు మాకదే పని.

అలాంటి ఒక గురువారమే ఆ ఉత్తరం వచ్చింది. అక్కడి చిన్న లైబ్రరీలో పనిచేసే పెద్దమనిషి రెండు పేజీలు రాశాడు. మొదటి పేజీ గట్టిగా చదివాను. ముత్తాత తండ్రి పేరు, మొక్కజొన్న పొలం, పందుల మంద, నలుగురు అన్నదమ్ములు. ఆంటీ కళ్ళు మూసుకుని, పండు తింటున్నట్టు విన్నారు. రెండో పేజీ తిప్పాను. ముత్తాతకి అక్కడే పెళ్ళయిందనీ, భార్యనీ పసిపిల్లనీ వదిలి, పందుల్ని అమ్ముకొస్తానని చెప్పి వెళ్ళినవాడు తిరిగి రాలేదనీ, జనాభా లెక్కల్లో ఆ భార్య విధవనని రాయించుకుందనీ ఉంది. ఆయన ఇక్కడ నిక్షేపంగా ఉండగానే.

పైకి చదవకుండా ఆగాను. సోమవారం ఆంటీకి గుండె ఆపరేషన్. బయల్దేరే మనిషి చెవిన అశుభం వేయకూడదని పెరిగినదాన్ని. కాగితం మడిచాను.

"అంతేనా?"

"అంతే ఆంటీ."

"ఒక్క పేజీకి అంత స్టాంపు అంటించాడా మహానుభావుడు!"

రెండో పేజీ నాతో తెచ్చి పూజ పుస్తకంలో పెట్టాను. కోలుకున్నాక చెబుదామనే. ఆవిడ కోలుకుని అయిదు నెలలు బతికారు. ఒకరోజు శుక్రవారం, ఇవాళ వద్దనుకున్నాను. ఒకరోజు ఆవిడ పుట్టినరోజు. తమ్ముడు కసిరాడు కూడా. "అక్కా, ఆయన వాళ్ళ ముత్తాత. పరువు పోతే వాళ్ళది పోతుంది. మధ్యలో నీకెందుకు?"

"పెద్దావిడరా, ఊరుకో," అన్నాను.

అంత్యక్రియల నుంచి వచ్చాక ఆ పేజీ తీశాను. అప్పటిదాకా నేనూ పూర్తిగా చదవలేదు. సిగ్గుపడి పై నాలుగు వాక్యాల దగ్గరే ఆగిపోయాను. కింద ఇంకా ఉంది. ఆ పసిపిల్లను తల్లే పొలం చేసుకుంటూ పెంచింది. ఆ పిల్ల మనవరాలు ఇప్పటికీ అదే పొలంలో ఉంటోంది. ఆంటీ కంటే నాలుగేళ్ళు చిన్న. న్యూజీలాండ్ నుంచి ఉత్తరం వస్తే ఎంతో సంతోషిస్తానందట. అడ్రసు కూడా రాశాడు.

నేను దాచింది మచ్చ అనుకున్నాను. దాచింది మనిషిని. చెడు పలకవద్దని మా అమ్మ నేర్పింది నిజమే. ఏది చెడో నాకై నేనే తేల్చేశాను. ఇప్పుడు దీపం ముందు కూర్చుంటే ఏం అడగాలో తోచడం లేదు.

మొన్న ఆదివారం ఆ పేజీ కూతురి చేతిలో పెట్టి జరిగింది చెప్పాను. ఆమె నిలబడే చదువుకుంది. "ఇది తెలిసుంటే అమ్మ ఏడ్చేది కాదు. వెళ్ళడానికి సూట్‌కేసు దించేది," అంది. పేజీ తిరిగి నా చేతికిచ్చి, "అయిదు నెలలు," అంది.

ఆమె కారు తాళాలు తీసుకుంది. "పదండి. ఆపింది మీరు కాబట్టి మీరే చదవండి."

శ్మశానం కొండవాలు మీద ఉంది. సమాధి మీద పరిచిన గడ్డి ఇంకా అతుకులు అతుకులుగానే ఉంది. గాలికి కాగితం లాక్కుపోతుంటే రెండు చేతులా పట్టుకున్నాను. వదిలేసి వెళ్ళిన సంగతి చదివాను. విధవనని రాయించుకున్న సంగతి చదివాను. ఆ పసిపిల్ల పేరు దగ్గరికొచ్చేసరికి కింద లోయలో వెల్లింగ్టన్ రైలు వచ్చింది. నా మాట నాకే వినపడలేదు. కూతురు ఆగమని చెయ్యెత్తింది. చివరి పెట్టె కూడా దాటిపోయేదాకా ఇద్దరం నిలబడ్డాం. తర్వాత, ఆ వాక్యం మొదటి నుంచీ మళ్ళీ చదివాను.