ఎక్కడ వేసిన గొంగళి

ఈ ఉదయం గ్యాలరీ పక్కనున్న స్టోరు గది తలుపు తీయగానే తడిసిన గొంగళి వాసన గుప్పున కొట్టింది. రాత్రి వానకు కిటికీలోంచి జల్లు పడి, మూలన చుట్టిపెట్టిన నల్ల గొంగళి ఒక అంచు నానింది. గొర్రె బొచ్చు తడిస్తే ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, తెలియనివాళ్లకు చెప్పినా అంతుపట్టదు. చిత్రకళా మ్యూజియంలో ఇలాంటి వాసన వస్తే పెద్దవాళ్లు హడలిపోవాలి. నాకు మాత్రం ఒళ్లంతా హుషారెక్కింది. గొంగళిని భుజానేసుకుని మెట్ల మీదికి తెచ్చి ఎండలో పరుస్తుంటే, ఇందుమతి మేడమ్ పక్కనే నిలబడి "ఆ మడత సరిచెయ్యి" అంటున్నట్టే అనిపించింది.

మార్కాపురం ఊరి బయట ఉన్న మా విశ్వవిద్యాలయంలో ఈ మ్యూజియం ఒక పొడవాటి హాలు. గోడల నిండా బొమ్మలు. స్కూళ్లనూ ఊళ్లనూ దీనితో కలిపే పని ఇప్పుడు నాది, అప్పట్లో మేడమ్‌ది. ఆవిడది విశాఖ. గట్టిగా నవ్వుతారు, అంతకన్నా గట్టిగా కోప్పడతారు, రెండూ ఒకే నిమిషంలో చెయ్యగలరు. ఇక్కడే బొమ్మలు వేయడం చదువుకుని నేను ఆవిడ దగ్గర సహాయకురాలిగా చేరినప్పుడు, దొనకొండలో బట్టల దుకాణం నడిపే మా నాయనకు ఈ ఉద్యోగం ఏ కోశానా మింగుడుపడలేదు. "అమ్మేది లేదు, కొనేది లేదు. ఉత్తగ చూపిచ్చేదానికి జీతమా? ఏందమ్మా ఈ యాపారం?" అన్నాడు. మొదటిరోజే ఆ మాట మేడమ్‌కు చెప్పి నవ్వించబోయాను. ఆవిడ నవ్వేసి, వెంటనే కుర్చీ ముందుకు లాక్కున్నారు.

"మీ నాన్నగారు గిరాకీ రాగానే ముందు ఏం చేస్తారు?"

"పరుపు మీద కూచోబెట్టి మంచినీళ్లిస్తాడు మేడమ్. నిలబడి చూసినోడు పోతాడు, కూచోని చూసినోడు కొంటాడు అంటాడు."

ఆవిడ లేచి హాలంతా ఒకసారి కలియదిరిగి వచ్చారు. "ఇంత పెద్ద హాల్లో కూర్చోవడానికి ఒక్క బల్ల కూడా లేదు, చూశావా?" అన్నారు. నేను అంతవరకూ చూడలేదు. ఉన్నవల్లా తాడు కట్టిన కంచెలూ, "తాకరాదు", "నిశ్శబ్దం" అన్న బోర్డులే. బల్లలు అడిగితే నిధులు లేవన్నారు. మా దగ్గరికి వచ్చేది ఎండాకాలంలో ఏసీ గాలి కోసం వచ్చే విద్యార్థులు, వాళ్లు కూడా బొమ్మలకు వీపు పెట్టి ఫోన్లు చూసుకునేవాళ్లు. పుల్లలచెరువు వైపు నుంచో దొనకొండ వైపు నుంచో ఎవరైనా గేటు దాకా వచ్చినా, ఇది ఆఫీసేమో అనుకుని వెనక్కి తిరిగేవాళ్లు.

అలా ఉండగా రిజిస్ట్రారుగారు ఒకరోజు హాలు కొలవడానికి టేపు తీసుకుని వచ్చారు. పరీక్షల కోసం కంప్యూటర్లు పెట్టడానికి చోటు కావాలట. బొమ్మల్ని దించి పెట్టెల్లో పెట్టేస్తారట. "ఏం చేసినా ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంది మేడమ్, మీ మ్యూజియం," అన్నారు. మేడమ్ ముక్కుపుటాలు అదిరాయి. "ఒక్క ఆదివారం ఇవ్వండి సార్. మీరే వచ్చి చూడండి," అన్నారు. ఆయన ఒప్పుకున్నారు. ఆ సాయంత్రం హాల్లో జనం కనబడకపోతే సోమవారం కంప్యూటర్లు దిగుతాయి.

ఆ వారమంతా పెళ్లివారిల్లే. ఆటోకు మైకు కట్టించారు మేడమ్. డ్రైవరు పక్కన కొంగు దోపుకుని ఆవిడ, వెనక మైకు పట్టుకుని నేను. మాటలు ఆవిడవి, గొంతు నాది. "ఆదివారం సాయంత్రం మా మ్యూజియంలో బొమ్మలు చూడటానికి రండి! టికెట్టు లేదు! బస్సు మేమే పంపిస్తాం!" అడవి అంచు ఊళ్లలో మేకల మందలు అడ్డమొస్తే ఆటో ఆపి, కాపరులతో కూడా అదే చెప్పించారు. మెట్టచేలల్లో కందికోత చేస్తున్నవాళ్లు కొడవళ్లు పట్టుకునే రోడ్డు దాకా వచ్చి విన్నారు. "బొమ్మలా? నిజ్జంగానా? ఎన్నేండ్లయిందో సూసి!" అని ఒక ముసలామె చప్పట్లు కొట్టింది. మేడమ్ నా మోచెయ్యి గిల్లారు. "చూశావా, జనానికి కళ మీద ఎంత ఆకలి ఉందో!" ఆ సంతోషంలో అరిచి అరిచి నాకు గొంతు పోయింది.

ఆదివారం పొద్దు వాలుతుండగా బస్సు వచ్చింది, కిక్కిరిసి. తలుపు తెరుచుకోగానే ముందు దిగినవి గొంగళ్లు. తరవాత వేయించిన శనక్కాయల మూటలు, మంచినీళ్ల సీసాలు, చంకల్లో పిల్లలు, ఆఖరికి చప్పట్లు కొట్టిన ముసలామె. ఎవరూ చెప్పకుండానే చెప్పులన్నీ గుమ్మం బయట వదిలారు. బిలబిలా లోపలికొచ్చి, అన్నిటికన్నా పెద్ద బొమ్మ దగ్గర దీపాలు ఎక్కువగా ఉన్నాయని, దాని ఎదురుగా గొంగళ్లు పరుచుకుని బాసింపట్లు వేసుకున్నారు. శనక్కాయలు వలవడం మొదలైంది. అందరూ గోడ వైపే చూస్తున్నారు. కాసేపటికి ముసలామె నా వైపు తిరిగింది.

"పొద్దుగూకింది గదమ్మా. ఎప్పుడు మొదలుపెడతారు?"

వీళ్లొచ్చింది తోలుబొమ్మలాటకు! మా వైపు "బొమ్మలు చూడను రండి" అంటే అయితే సినిమా, కాకపోతే తోలుబొమ్మలాట. గోడకు వేలాడే పటాన్ని పటమనే అంటారు. ఆ సంగతి మేడమ్ చెవిలో వేశాను. ఆవిడ మొహం ఒక్క క్షణం ఎర్రబడింది. గోడ గడియారం వైపు చూశారు, రిజిస్ట్రారు వచ్చే వేళ. "నిజం చెప్పి బస్సెక్కించేద్దామా మేడమ్?" అన్నాను. ఆవిడ వెళ్లి చెప్పులు గుమ్మం బయట విడిచివచ్చి, గొంగళి మీద ముసలామె పక్కనే చతికిలబడ్డారు.

"మీరే మొదలుపెట్టాలి పెద్దమ్మా. ఇక్కడ బొమ్మ ఆడదు, మాట్లాడదు. మనమే మాట్లాడించాలి. ఈ బొమ్మలో ఉన్నావిడ ఎవరో మాకూ తెలీదు. ఎక్కడికి వెళుతోందో మీరు చెప్పండి."

ఆ బొమ్మలో మట్టిదారి, దారిలో చంకన బిందె పెట్టుకుని వీపు మనవైపు తిప్పిన ఆడమనిషి, వెనక రెండు మేకలు, పైన మబ్బు. అంతే. హాలంతా నిశ్శబ్దమైంది. బోర్డు పెట్టినందుకు కాదు, నిజంగానే. పెద్దమ్మ కాయ నోట్లో వేసుకుని నింపాదిగా నమిలింది.

"ఏడికి పోతాది, నీళ్లకు పోతాంది," అంది.

"పోవడమేంది పెద్దమ్మా, వస్తాంది!" అన్నాడు వెనకనుంచి ఒక కాపరి. "నడుం సూడు ఎట్ల వంగిందో. నిండు బిందె."

"ఇల్లు అగుపడతల్లా గదరా. ఇల్లు లేని తావుకు నీళ్లు మోస్తాదా?"

"మేకలకు మోస్తాదేమో!"

ఇక చూడండి! పుల్లలచెరువు వైపు నీళ్ల కోసం నడిచిన నడకలన్నీ ఆ బొమ్మలోకి దిగిపోయాయి. ఒకామె లేచి నిలబడి ఖాళీ బిందెతో ఎలా నడుస్తారో, నిండు బిందెతో ఎలా నడుస్తారో నడిచి చూపించింది. ఒకాయన మేకల గొంతుతో మాట్లాడి పిల్లల్ని పడీపడీ నవ్వించాడు. బిందె పట్టుకున్నామె అత్తతో తగువు పడిందన్నారు, కాదు మొగుణ్ణి తిడుతోందన్నారు. మేడమ్ ఒక్కటే అడుగుతున్నారు, "ఎలా తెలిసింది? బొమ్మలో ఎక్కడుందో చూపించండి." వాళ్లు లేచి, తాడు దాకా వెళ్లి, మబ్బునూ మడమనూ నీడనూ వేలితో చూపిస్తున్నారు. నాకు అరవాలనిపించింది. చదువుకునే రోజుల్లో నేనే ఆ బొమ్మను అంతసేపు చూడలేదు.

ఆ గోలలో రిజిస్ట్రారు ఎప్పుడొచ్చారో చూసుకోలేదు. మధ్యలో నిలబడి ఉన్నారు, చేతిలో కొలతల టేపుతో, నోరు కాస్త తెరిచి. పెద్దమ్మ తలెత్తింది.

"అడ్డం తొలుగు నాయనా, బొమ్మ అగుపడతల్లేదు. కూచో."

ఆయన నా వైపు చూశారు. నేను బొమ్మ వైపు చూశాను. ఇక దారిలేక ఇస్త్రీ ప్యాంటుతో గొంగళి అంచున కూర్చున్నారు. కూర్చున్న దగ్గర్నుంచీ ప్యాంటుకు అంటిన బొచ్చు ఏరుకోవడమే పని. పెద్దమ్మ కాసేపు ఓర్చుకుంది.

"గొంగట్లో కూచోని ఎంటికలు ఏరుకుంటే తెల్లారిపోతాది నాయనా. బొమ్మ సూడు."

హాలు గొల్లుమంది. ఆయనా నవ్వేశారు. కాసేపటికి చెయ్యి ఎత్తి, బడిపిల్లాడిలా, "నాకైతే ఖాళీ బిందే అనిపిస్తోంది," అన్నారు. "నిండిందైతే మేకలు దగ్గరగా నడిచేవి." కాపరి ఒప్పుకోలేదు. ఇద్దరూ మోకాళ్ల మీద లేచి వాదించుకున్నారు. బస్సుకు వేళయిందని డ్రైవరు హారను కొట్టేదాకా ఆ తగువు తెగలేదు.

అందరూ గొంగళ్లు దులుపుకుని లేచారు, పెద్దమ్మ తప్ప. తనది అలాగే ఉంచేసి గుమ్మం వైపు నడిచింది. "గొంగళి మర్చిపోయారు," అన్నారు మేడమ్. "మర్సిపోలా తల్లీ. పోతాందో వస్తాందో తేలలా గదా. మళ్లా వస్తాం. తావు పట్టుకోవాల గదా," అందామె, బస్సు సీట్లో తువ్వాలు వేసినంత మామూలుగా. మేడమ్ కళ్లు నిండాయి. రిజిస్ట్రారుగారు గొంగళి వైపు చూసి, కొలతల టేపు జేబులోకి తోసుకుని, "కంప్యూటర్లకు వేరే గది చూద్దాం లెండి," అన్నారు. ఆయన గేటు దాటగానే మేమిద్దరం ఖాళీ హాల్లో పిచ్చివాళ్లలా గంతులు వేశాం. శనక్కాయల పొట్టు ఊడవడం తరవాత గుర్తొచ్చింది.

పెద్దమ్మ మళ్లీ వచ్చింది, ప్రతిసారీ కొత్తవాళ్లను వెంటేసుకుని. బల్లల సంగతి మేమిక ఎత్తలేదు. స్కూలు పిల్లలైనా, పలకల గనుల్లో పనివాళ్లైనా, ఆచార్యులైనా మా దగ్గర నేల మీదే కూర్చోవాలి, బొమ్మను వాళ్లే మొదలుపెట్టాలి. మేడమ్ రిటైరై విశాఖ వెళ్లిపోయేరోజు, బండిలో సామాను ఎక్కించాక, ఎన్నాళ్లుగానో దాచుకున్న ప్రశ్న అడిగేశాను. "మీ ఉద్దేశం ఏమిటి మేడమ్? ఆమె పోతోందా, వస్తోందా?" ఆవిడ నా తల మీద మొట్టారు. "ఏందా తొందర?" అన్నారు. అన్నేళ్లలో మా వైపు యాస ఆవిడ నోట వినడం అదే మొదటిసారి. "తేలిపోతే మళ్లీ ఎందుకొస్తారు?"

మధ్యాహ్నానికి గొంగళి ఆరింది. పెద్దమ్మకు ఇప్పుడు మోకాళ్లు సహకరించడం లేదు, బస్సు ఎక్కలేదు. అందుకని ఈ సాయంత్రం బొమ్మకు తీయించిన పెద్ద ఫోటోను ఆటోలో పెట్టుకుని మేమే వాళ్ల ఊరు వెళుతున్నాం. ఆమె తావు ఆమెకు పరవాలి కదా. గొంగళి చుట్టి ఆటోలో పెడుతుంటే నాయన ఫోన్ చేశాడు. ఇన్నేళ్లయినా ఆ అడగడం మానలేదు.

"ఈ పొద్దన్నా ఏమన్నా అమ్మినావా అమ్మా?"

"లేదు నాయనా," అన్నాను. "కూచోబెట్టను పోతాండా."