కాలెత్తితే పాట ఆపాలట

ఆ రోజుల్లో నా చేతులు నా మాట వినేవి కావు. ఎడారి దేశంలో, అల్ అమెరాత్ అనే చోట బిల్డింగ్ సైట్‌లో షట్టరింగ్ పనికి కొత్తగా చేరిన నేను, అన్నం గిన్నె కనిపించినా, ప్లైవుడ్ ముక్క దొరికినా దరువు వేసేవాణ్ణి. (ఊళ్లో డప్పు కొట్టిన చేతులు మరి. ఖాళీగా ఉంటే ఇల్లు గుర్తొచ్చేది.) "నిన్ను పనికి తెచ్చిండ్రా, పెండ్లికి తెచ్చిండ్రా?" అని మేస్త్రీ రోజూ తిట్టేవాడు.

ఆ దరువు విని ఒకరోజు అమెరికా సార్ నా దగ్గరికొచ్చాడు. మా సైట్ ఇంజనీరు, తెల్లగడ్డం పెద్దమనిషి. వాళ్లది అక్కడి కొండల్లో ఓ పల్లెటూరట. డ్యూటీ అయ్యాక క్యాబిన్ మెట్ల మీద కూర్చుని ఫిడేలు వాయించేవాడు, పసిపిల్లను ఎత్తుకున్నట్టు రొమ్ముకు ఆనించుకుని. వాళ్ల వైపు ఒకరు కమాను లాగుతుంటే ఇంకొకరు పక్కన కూర్చుని అవే తీగల మీద సన్నని పుల్లలతో దరువేస్తారట. సార్‌కు తమ్ముడు వేసేవాడు. తమ్ముడు పోయాక ఎవరూ వేయలేదు. రిటైరై వెళ్లిపోయే ముందు ఒక్కసారి తమ్ముడి పాట అలా వాయించాలని ఉందని హిందీ, ఇంగ్లీషు కలిపి చెప్పి, నా చేతిలో రెండు పుల్లలు పెట్టాడు. నాకు కాదనే ధైర్యం లేకపోయింది.

ఆ పాటకు మాటలు లేవు. ఉన్నవి రెండే వరసలు, తిరిగి తిరిగి అవే వస్తాయి. వాయిస్తుంటే ఎదురుగా బోడికొండల మీద ఎండ మెల్లగా ఎర్రబడేది. కొండలు ఎవరివో, ఊరు ఎవరిదో తెలియని మత్తులో చేతులు వాటంతటవే ఆడేవి. ఇంతలో రూమ్‌కు వెళ్లే బస్సు హారన్ మోగేది. బస్సు నడిపేది మా రూమ్‌లోనే ఉండే కడప భాయ్. "వస్తావా, ఈడనే పండుకుంటావా?" అని అరిచేవాడు. ఇద్దరం టక్కున ఆపేవాళ్లం. అందుకే ఆ పాట ఎలా ముగుస్తుందో నేను ఎన్నడూ నేర్చుకోలేదు.

మెస్ హాల్లో సార్‌కు వీడ్కోలు సభ. అందరి ముందు ఇద్దరం ఆ పాట ఎత్తుకున్నాం. మొదట ఈలలు వేసినవాళ్లంతా కాసేపటికి కళ్లు మూసుకుని వింటున్నారు. అప్పుడు సార్ కుడికాలు పైకెత్తాడు. పట్టేసిందేమో అనుకున్నాను. దించి, మళ్లీ ఎత్తాడు. పుల్లలు రెండూ ఒక చేతిలోకి మార్చి, రెండో చేత్తో ఆ కాలు పట్టుకుని మెల్లగా కిందపెట్టాను. (పెద్దాయన కాలు కాబట్టి కళ్లకద్దుకున్నాను కూడా. ఒక్క దెబ్బ తప్పలేదు!) "అయ్యో, సార్‌కు కాలు గుంజుతున్నది, నూనె తీస్కరాండ్రి!" అని మేస్త్రీ లేచాడు. హాలంతా నవ్వు. సార్ మొహం ఎర్రబడింది. నేను ఆపను, నేను ఆపందే ఆయన ఆపడు. తమ్ముడి పాట నా చేతుల్లో నవ్వులపాలవుతోంది.

భాయ్ గబగబా బయటికెళ్లాడు. హారన్ మోగింది. ఇద్దరం టక్కున, ఒక్క దెబ్బకు ఆగాం. చప్పట్లు ఎంతకీ ఆగలేదు.

కాలెత్తితే పాటకు ఇదే ఆఖరి చుట్టు అని అర్థమట వాళ్ల ఊళ్లో. "నోటితో చెప్పొచ్చు గద సార్?" అన్నాను. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటూ, "చెప్పే అలవాటు లేదు. తమ్ముడు నా కాలు చూసేవాడు" అన్నాడు.

ఇప్పుడు నేనే మేస్త్రీని. దరువేసే కుర్రాళ్లను తిట్టడం నా వంతు. సార్ ఒంటరిగా ఆ పాట వాయించి పంపిన వీడియో నా ఫోన్లో ఉంది. సెలవు రోజున అది పెట్టుకుని స్టీలు పళ్లెం మీద పుల్లలతో దరువేస్తుంటాను. చివర్లో సార్ కాలెత్తుతాడు. దాని అర్థం నాకిప్పుడు బాగా తెలుసు. అయినా ఆపబుద్ధి కాక ఇంకో చుట్టు వేస్తాను. భాయ్ కడప వెళ్లిపోయాడు, బయట హారన్ కొట్టేవాళ్లు లేరు.