మాయమైన పద్దెనిమిది గుర్రాలు

లోకంలో ఏదీ పూర్తిగా చేరదని బావకు గట్టి నమ్మకం. ఎక్కడినుంచి ఏది బయలుదేరినా, గమ్యం చేరేలోగా దాంట్లో కొంత దారిలో ఎవరో తినేస్తారంటాడు. తిన్నదెవరో తేలేదాకా తాను నిద్రపోడు, పక్కవాళ్ళను పోనివ్వడు.

వృత్తికి పళ్ళ డాక్టరు. అందువల్ల ఆయనకొక గొప్ప సౌకర్యం ఉంది. ఎదుటి మనిషి నోరు తెరుచుకునే ఉంటాడు, మాట్లాడలేడు.

"మా కారు ఇంజనులో డెబ్భై గుర్రాల బలం పుడుతుందండీ. చక్రాల దాకా వచ్చేది ఎంతనుకుంటున్నారు?" అంటాడు పన్ను గీకుతూ.

"ఆ... ఆ..."

"బాగా చెప్పారు. యాభై రెండే! మిగతా పద్దెనిమిదీ ఏమైనట్టు?"

"ఆఁ!"

"నేనూ అదే అన్నాను."

ఊరు ఊరంతా తనతో ఏకీభవించిందని ఆయన ధీమా.

ఇంట్లో మాత్రం అక్క ఏకీభవించదు. ఒకరోజు వంటింట్లోంచి చెవుల తుప్పు వదిలేలా అరిచి, హాల్లోకి వచ్చి నిలదీసింది. "ఇంతసేపు తిట్టాను, వినపడలేదా?"

"సగం వినపడింది. మిగతాది తలుపు దగ్గర పోయింది."

"అయితే తలుపు తీసి మళ్ళీ తిడతాను."

అక్క తమ్ముడు, అంటే బావకు బామ్మర్ది, ఆ ఇంటి మేడమీద గదిలోనే ఉంటాడు. ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం. తప్పులు పట్టడమే పని అయినా, బావలో ఏ తప్పు ముందు దిద్దాలో తేలక ఊరుకునేవాడు. ఆయన జబ్బు పాతదే కాని, కారు విషయంలో ముదిరింది మాత్రం ఆ ఏడే.

అది చిన్న ఆటోమేటిక్ కారు. "క్లచ్చి మీద కాలు, గేరు మీద చెయ్యి, రోడ్డు మీద కన్ను... ఇన్ని పనులు ఒక్క మనిషికి పెడితే ఎలా?" అని ఏరికోరి కొనుక్కున్నాడు. ఇల్లేమో నిటారైన ఎక్కుడు రోడ్డు చివర, మిట్ట మీద ఉంది. ఒకసారి సినిమా చూసి నలుగురూ తిరిగొస్తుంటే కారు సరిగ్గా ఎక్కుడు మధ్యలో ముక్కి, మూలిగి, ఆగిపోయింది. పక్కనే ఉన్న కూరల కొట్టాయన తక్కెడ పట్టుకునే కేకేశాడు: "డాక్టరుగారూ, ఆ ముందు సీటు ఖాళీ చేయించండి. బండి రాకెట్టులా పోతుంది!"

ముందు సీట్లో ఉన్నది బావ అత్తగారు, అక్కకూ బామ్మర్దికీ తల్లి. కాస్త కాదు, బాగానే భారీ మనిషి. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా ఆవిడే నవ్వి, కారు దిగి, మిగతా దూరం నడిచి ఇంటికొచ్చింది. ఆ తర్వాత ఆవిడకు మోకాలి నొప్పి పట్టుకుంది. వారం వారం మ్యాట్నీ తప్పని మనిషి గుమ్మం దిగడమే మానేసింది. టాక్సీ పిలుస్తామంటే, "అల్లుడికి కారుండగా అద్దె బండెందుకు?" అనేది. కారులో వెళదామంటే మోకాలు చూపించేది.

బావ మాత్రం అత్తగారి మోకాలి గురించి ఒక్క మాట అడగలేదు. బామ్మర్దిని వెంటబెట్టుకుని తిన్నగా గ్యారేజీకి పోయాడు. ఆ గ్యారేజీ నడిపేదొక ఆవిడ. అందరూ ఇంజనీరమ్మ అంటారు. కారును కదలకుండా కట్టేసి, చక్రాల కింద రోలర్లు తిప్పి బలం కొలిచే యంత్రం ఆవిడ దగ్గరుంది. కొలిస్తే యాభై రెండు వచ్చింది. బావ వంగి, పద్దెనిమిది గుర్రాలూ కింద ఎక్కడైనా పడ్డాయేమోనని కారు అడుగున వెతికాడు.

"పడిపోలేదు డాక్టరుగారూ," అంది ఇంజనీరమ్మ. "మీ గేరుపెట్టెలో క్లచ్చి బదులు నూనె ఉంటుంది. నూనెలో ఎదురెదురుగా రెండు పంకాలు. ఇంజను ఒకదాన్ని తిప్పుతుంది, ఆ విసురుకి నూనె రెండోదాన్ని తిప్పుతుంది. ఆ తోపులాటలో కొంత బలం వేడిగా పోతుంది. నూనె పంపు కొంత తింటుంది, పళ్ళచక్రాలు కొంత, టైర్లు కొంత."

"పళ్ళచక్రాలా?" బావ కళ్ళు మెరిశాయి. "పళ్ళ దగ్గర నష్టమంటే అది నా శాఖే కదా! మరి వైద్యం?"

"తినేవాళ్ళను మాన్పించలేం. ఇంజనులోనే ఎక్కువ పుట్టించాలి. సూపర్‌చార్జర్ పెడదాం. ఇంజనుకు ఊపిరెక్కించే పంకా అన్నమాట. గాలి కుక్కిపెడుతుంది. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ మండుతుంది."

"ఆ పంకాను ఎవరు తిప్పుతారు?"

"ఇంజనే, బెల్టుతో."

"అంటే ఇదీ తింటుందన్నమాట!"

"తింటుంది. కాని తిన్నదానికి మించి పనిచేస్తుంది."

బావ బామ్మర్ది వైపు తిరిగాడు. "విన్నావా? తిని, పని కూడా చేసేవాళ్ళు ఉంటారట లోకంలో."

బామ్మర్ది ఆ చురక దిగమింగుకుని అడిగాడు. "ఈ తంటాలన్నీ ఎందుకు బావా? పెద్ద కారు కొనేస్తే పోలా?"

బావకు ఎన్నడూ లేనిది కోపం వచ్చింది. "కొంటే ఎందుకు కొన్నాడంటారు?"

"ఏమో. ఎందుకంటారు?"

"అందుకే నీకు ప్రూఫులు ఇచ్చారు. పుస్తకం రాయమనలేదు."

ఇక చూడాలి ప్రచారం! క్లినిక్‌లో, బడి గేటు దగ్గర, పెళ్ళిలో, ఆఖరికి పరామర్శకు వెళ్ళిన చోట కూడా గేరుపెట్టె మీదే ఉపన్యాసం. కూరల కొట్టాయన్ని చెయ్యి పట్టుకు లాక్కొచ్చి కారు పక్కన కూలేశాడు.

"వంగండి. ఇంకా వంగండి. అదిగో ఆ పెట్టె! దోషమంతా దానిదే."

"నాకేం కనపడ్డం లేదండీ."

"నూనెలో నష్టం కంటికి కనపడదు. అందుకే జనం నోటికొచ్చింది అంటారు."

ముక్కుకు మడ్డి అంటించుకుని లేచిన ఆ మనిషి, బావ కనపడితే బస్తాల వెనక్కి నక్కేవాడు. కాని బావ వదిలితేగా! చివరికి ఆయనే కొనవచ్చిన వాళ్ళకు చెప్పడం మొదలుపెట్టాడు: "పాపం డాక్టరుగారి బండి... గేరుపెట్టె మంచిది కాదండీ."

సూపర్‌చార్జర్ బిగించారు. పరీక్షకని కారులో ఇసుక బస్తాలు, వాటి మధ్య బామ్మర్ది. ఈల వేసుకుంటూ కారు ఎక్కుడు సగం దాకా దూసుకుపోయింది. అక్కడ మాడు వాసన కొట్టి, ఎర్రలైటు వెలిగి, నిలబడిపోయింది. కూరల కొట్టాయన పరుగెత్తుకొచ్చాడు.

"గేరుపెట్టేనా?"

"గేరుపెట్టే!" అన్నాడు బావ. ఇద్దరి ముఖాల్లోనూ అదో తృప్తి. బామ్మర్ది ఒక్కడే ఇసుక దులుపుకున్నాడు.

ఇంజనీరమ్మ తేల్చేసింది. "బలం పెరిగితే దారిలో వేడీ పెరుగుతుంది డాక్టరుగారూ. ఆ వేడి పోయే దారి చూడాలి." గేరు నూనె చల్లబరచడానికి విడిగా ఒక రేడియేటరు పెట్టింది. పంకా దూకుడు కాస్త తగ్గించింది. మళ్ళీ రోలర్ల మీద కొలిస్తే, చక్రాల దగ్గరే డెబ్భై నాలుగు! ఇంజనులో పుడుతుందన్న పాత డెబ్భైని అది చక్రాల దగ్గరే దాటేసింది. బావ ఆ యంత్రాన్ని కావలించుకున్నంత పనిచేశాడు.

ఇంటికొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అత్తయ్యా, మ్యాట్నీకి బయలుదేరండి. మీరు ముందు సీట్లో కూర్చోవాలి."

"నా మోకాలు..."

"ఇంజను బలం ముందు చక్రాలకు వస్తుందండీ. ఎక్కుడులో ముందు సీటు ఖాళీగా ఉంటే పట్టు చాలక చక్రాలు జారతాయి. మీరు రాకపోతే పరీక్షే లేదు."

ఆవిడ అల్లుడి ముఖం కాసేపు చూసింది. లోపలికెళ్ళి మంచి చీర కట్టుకొచ్చింది.

సినిమా అయింది. తిరుగు ప్రయాణంలో ఎక్కుడు మొదలయ్యేచోట అక్క ఊపిరి బిగబట్టింది. బామ్మర్ది ముందు సీటును వెనకనుంచి తోస్తున్నాడు, అదేదో సాయమన్నట్టు. బావ యాక్సిలరేటరు నొక్కాడు. పంకా ఈల అందుకుంది. కారు ఆగలేదు, మూలగలేదు. కూరల కొట్టు వచ్చింది, వెనక్కి పోయింది. ఆయన తక్కెడ పైకెత్తి "శభాష్!" అని అరిచాడు. మలుపు తిరిగి, మిట్టెక్కి, ఇంటి ముందు నిలబడేసరికి అక్క చప్పట్లు కొట్టింది. ఆవిడ ఆ కారును మెచ్చుకోవడం అదే మొదలు.

బావ బానెట్టెత్తి అందులోకి సగం దూరిపోయాడు. బామ్మర్ది తల్లికి చెయ్యందించాడు.

"అమ్మా, మోకాలెలా ఉంది?"

"మోకాలికేంరా, నిక్షేపంగా ఉంది." ఆవిడ గొంతు తగ్గించింది. "ఆ రోజు అందరితోపాటు నేనూ నవ్వాను. ఇంటికొచ్చి, ఇక ఆ బండెక్కనని ఒట్టేసుకున్నాను. మీ బావ నన్ను ఏమీ అడగలేదు, బతిమాలలేదు. గేరుపెట్టెను తిట్టడం మొదలుపెట్టాడు. బండి నా వల్ల ఆగిందని ఊళ్ళో ఒక్క మనిషి కూడా అనకుండా చేశాడు. ఆ కూరల కొట్టాయన చేత కూడా గేరుపెట్టే అనిపించాడు!"

బామ్మర్ది నోరు వెళ్ళబెట్టాడు. "నీకు ముందే తెలుసా?"

"నా బరువు నాకు తెలీదట్రా? ఆయనకు మాత్రం చెప్పకు. నేను పూర్తిగా నమ్మాననుకుంటున్నాడు, పాపం."

ఇంతలో బావ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "అత్తయ్యా, ప్రయాణం ఎలా ఉంది?"

"హాయిగా ఉంది అల్లుడుగారూ. ఎటొచ్చీ, హాల్లో ఇంటర్వెల్ తర్వాత నాకు కునుకు పట్టేసింది. కథ ఏమైందో తెలీలేదు. రేపు మళ్ళీ వెళ్ళాలి."

"రేపెందుకు? ఫస్ట్ షో ఉందిగా!"

అక్క "అన్నాలో!" అనేలోగా ఆవిడ ముందు సీట్లో సర్దుకుని కూర్చుంది. బావ అప్పటికే కారు వెనక్కి తిప్పేశాడు.